రూ. 2,500కి రెండు రోజుల్లో జర్నల్‌లో పేపర్ వేయించే సర్వీసు: నా రేటింగ్ 5కి 1

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు పీహెచ్‌డీ చేస్తున్నవాళ్ల కోసం, ముఖ్యంగా నాలా ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ పార్ట్‌టైం చేసేవాళ్ల కోసం ఇది రాస్తున్నా. సెంటర్ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇది ఒక్క సెంటర్ సంగతి కాదు. థీసిస్ టైపింగ్, స్పైరల్ బైండింగ్ చేసే చోట 'జర్నల్ పబ్లికేషన్ చేయబడును' అని ఇంకో లైను కనిపిస్తే లోపల జరిగేది చాలావరకు ఇదే.

నా పని ఫ్లోరైడ్ మీద. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు బోరు నీళ్లు. ఈ జిల్లా వాళ్లకు ఆ మాట బరువు నేను చెప్పక్కర్లేదు, ఆ నీళ్లు తాగి మా మేనత్త నడుము వంగిపోయి ముప్పయ్యేళ్లయింది. పటిక, సున్నం వేసి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నీరీ (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు 'నల్గొండ టెక్నిక్' అని పేరు పెట్టారు, అందుకే వేరే దేశం వాళ్ల ఫ్లోరైడ్ పేపర్లలో కూడా మన ఊరి పేరు కనిపిస్తుంది. ఇప్పుడు తాగడానికి మిషన్ భగీరథ కుళాయి నీళ్లు వస్తున్నాయి గానీ పొలానికి, పశువులకు ఇంకా బోర్లే దిక్కు. ఆ బోర్ల మీద రాసే ప్రతి అంకె సరిగ్గా ఉండాలని నా పట్టుదల.

మొదట 12 బోర్ల డేటా చేతికొచ్చింది. థీసిస్ ఇచ్చేముందు పేపర్ తప్పనిసరి అన్న రూలును యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2022లోనే తీసేసింది, అయినా చాలాచోట్ల అడుగుతూనే ఉన్నారు, మా గైడ్ సార్ కూడా "ఒక్కటన్నా ఉంటే మంచిదమ్మా" అన్నారు. ఆ టెన్షన్‌లో సెంటర్‌కి వెళ్లా. "రెండ్రోజుల్ల వేయిస్త మేడం, యూజీసీ అప్రూవ్డ్, ఐఎస్ఎస్ఎన్ ఉంది, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఏడు పైనే" అన్నాడు సెంటర్ అతను. సోమవారం సాయంత్రం వాట్సాప్‌లో ఫైలు, ఫోన్‌పేలో 2,500. బుధవారం యాక్సెప్టెన్స్ లెటర్ వచ్చింది, పేపర్ చదివి తప్పొప్పులు చెప్పాల్సిన రివ్యూయర్ మాట ఒక్కటే లైను: గుడ్ పేపర్. దాంతోపాటు నా ఫొటో వేసిన రంగుల సర్టిఫికెట్.

పేపర్ తెరిచి చూస్తే టేబుల్లో మూడో వరుస, మర్రిగూడ మండలం బోరు, లీటరుకు 4.2 మిల్లీగ్రాములు ఉండాల్సిన చోట 42 అని పడింది. చుక్క ఎగిరిపోయింది. తాగే నీటికి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) పెట్టిన హద్దు 1, వేరే నీళ్లు దొరక్కపోతే 1.5. 42 అంటే ఏంటో ఆ రివ్యూయర్ అనే మనిషి నిజంగా ఉండి ఒక్కసారి చదివినా ఆగిపోయేవాడు. ఫోన్ చేస్తే "ఎవరు చూస్తరు మేడం, మీ పేరైతే వచ్చింది గదా" అన్నాడు. దిద్దాలంటే ఇంకో 500, మొత్తానికే తీసేయాలంటే 3,000 అడిగారు. 500 కట్టా. ఇప్పటికీ 42 అలాగే ఉంది.

అసలు నష్టం డబ్బు కాదు. ఒకసారి అచ్చయిన డేటాను మళ్లీ కొత్త పేపర్‌గా ఏ మంచి జర్నలూ తీసుకోదు. ఏప్రిల్ ఎండలో బస్సులు మారి, క్యాన్లు మోసుకుంటూ తిరిగిన నా 12 బోర్లు అక్కడే ఇరుక్కుపోయాయి. దానికి ఇప్పటికీ బాధపడుతున్నా.

వాళ్లు చెప్పే మాటల సంగతి. ఐఎస్ఎస్ఎన్ అనేది పత్రికను గుర్తుపట్టే నంబర్ మాత్రమే, లోపల ఏముందో దానికి సంబంధం లేదు. జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (ఆ జర్నల్ పేపర్లను మిగతావాళ్లు సగటున ఎంతగా ఉదహరిస్తున్నారో చెప్పే అంకె) ఇచ్చేది క్లారివేట్ అనే కంపెనీ, మిగతా పేర్లతో తిరిగే 'గ్లోబల్' ఫ్యాక్టర్లు చాలావరకు డబ్బులిచ్చి పెట్టించుకునేవే. తాను గుర్తించిన జర్నళ్ల జాబితా అయిన యూజీసీ కేర్ లిస్టును 2025 ఫిబ్రవరిలో యూజీసీయే ఎత్తేసింది, కాబట్టి ఈరోజు ఎవరైనా 'యూజీసీ అప్రూవ్డ్' అంటే అక్కడే లేచి వచ్చేయండి. జర్నల్ స్కోపస్‌లో (పరిశోధన జర్నళ్ల డేటాబేస్) ఉంది అంటే స్కోపస్ సైట్లో మీరే వెతకండి, వాళ్లు పంపిన స్క్రీన్‌షాట్ నమ్మొద్దు. మంచి జర్నల్ పేరుతోనే దొంగ సైట్లు కూడా ఉన్నాయి, అడ్రస్ అక్షరం అక్షరం చూసుకోండి. ఇది మన దగ్గరే ఉన్న జబ్బు కూడా కాదు: 2013లో సైన్స్ పత్రిక తరఫున ఒక విలేకరి కావాలని తప్పులతో అల్లిన పేపర్‌ను 304 ఓపెన్ యాక్సెస్ (ఎవరైనా ఉచితంగా చదవగలిగే) జర్నళ్లకు పంపితే 157 ఒప్పుకున్నాయి.

తర్వాత కొత్తగా 40 బోర్లు తిరిగి, రాసేవాళ్ల దగ్గర డబ్బు తీసుకోకుండా చదివేవాళ్ల చందాతో నడిచే ఒక సబ్‌స్క్రిప్షన్ జర్నల్‌కి పంపా. అచ్చు కావడానికి 11 నెలలు పట్టింది. ఇద్దరు రివ్యూయర్లు, 19 కామెంట్లు. మొదటి ప్రశ్న: నీళ్లు ఏ సీసాల్లో పట్టారు? నేను 'సీసాలు' అని రాసి వదిలేశా. ఫ్లోరైడ్ నమూనాలకు గాజు కంటే పాలిథిన్ సీసాలే మేలు. నోట్‌బుక్ తీసి చూస్తే ఆరు నమూనాలు, ప్లాస్టిక్ సీసాలు అయిపోయిన రోజున, గాజు వాటిలో పట్టినట్టు ఉంది. ఆ ఆరు ఊళ్లకూ మళ్లీ వెళ్లా. రెండో ఆయన, పట్టుబడిన ఫ్లోరైడ్‌ను విడిపించే టీసాబ్ ద్రావణం కలిపారా అని అడిగాడు, ఎందుకంటే నీళ్లలో అల్యూమినియం, ఇనుము ఉంటే ఫ్లోరైడ్‌ను పట్టేసుకుంటాయి, ఫ్లోరైడ్ కొలిచే ఎలక్ట్రోడ్‌కి అది కనిపించదు. కలిపాం, కానీ పేపర్లో రాయలేదు. నా పేరు తెలియని, నేను ఎవరో పట్టని మనిషి, రూపాయి తీసుకోకుండా నా నోట్‌బుక్ దాకా వచ్చి చూసినట్టు అనిపించింది. అచ్చుకు ముందు ప్రూఫ్ పంపి 48 గంటలు టైమిచ్చారు, నేను ముందు చూసింది మర్రిగూడ వరుసే. కొత్తగా పట్టిన నీళ్లు, 3.9.

ఈ జర్నల్‌కి 5కి 4. ఒకటి ఎందుకు తగ్గించానంటే, ఒక రివ్యూయర్ తన పేపర్లే నాలుగు నా పేపర్లో ఉదహరించమన్నాడు, ఎడిటర్‌కి రాస్తే అవసరం లేదన్నారు గానీ అది రాయడానికి నాకు వారం ధైర్యం సరిపోలేదు. ఇంకోటి, జర్నళ్ల చందా కేంద్రమే కట్టే, 2025లో మొదలైన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకం ప్రభుత్వ సంస్థలకే, మా ప్రైవేటు కాలేజీ నుంచి నా పేపర్ నాకే తెరుచుకోదు. ఆమోదించిన డ్రాఫ్ట్ కాపీ నా దగ్గర ఉంది, అందులోని అంకెలు తెలుగులో రెండు పేజీలు రాసి పంచాయతీలకు ఇచ్చా.

ఇప్పటికే ఆ సెంటర్లలో డబ్బు కట్టేసి, పేపర్ ఇంకా సైట్లో పడకపోతే, కాపీరైట్ ఫారం మీద సంతకం చేయకండి. విత్‌డ్రా చేసుకుంటున్నా అని ఈ రాత్రే మెయిల్ పెట్టి, ఆ మెయిల్ దాచుకోండి. డబ్బు పోతే పోనీ, డేటా మిగులుతుంది.