కోళ్లవాడు చూసిన జీలాండియా

ముందే చెప్పేస్తున్నాను, నేను పక్షి ప్రేమికుణ్ణి కాను. తణుకు దగ్గర ఇరవై ఎనిమిదేళ్లు లేయర్ కోళ్ల ఫారం నడిపినవాణ్ణి. పక్షి కనబడితే ఎంత మేత తింటుంది, గుడ్డు సరిగ్గా పెడుతుందా లేదా అని చూసే కళ్లు నావి. న్యూజిలాండ్ రాజధాని వెల్లింగ్టన్‌లో ఉన్న మా అబ్బాయి "నాన్నా, జీలాండియాకి టిక్కెట్లు తీశా" అంటే ఏదో జూ అనుకున్నాను. జూ కాదు. బోనులుండవు. ఒక అడవి, దాని చుట్టూ కంచె, అంతే. నన్నడిగితే ఆ కంచె ఒక్కదానికే టిక్కెట్టు డబ్బులు గిట్టుబాటు.

ఊళ్లోనే, కరోరి అనే పేటలో ఉంది. ఒకప్పుడు ఊరికి తాగునీళ్లిచ్చిన లోయ. పాత ఆనకట్టలు రెండూ ఇంకా ఉన్నాయి. మొత్తం 225 హెక్టార్లు, మన లెక్కలో 550 ఎకరాల పైచిలుకు. లోపలికి వెళ్లబోతుంటే అక్కడున్నావిడ "మీ సంచులు ఒకసారి విప్పి చూసుకోండి, ఎలుకలేమైనా ఉన్నాయేమో" అంది. మా ఆవిడకి నవ్వాగలేదు. నాకు మాత్రం నవ్వు రాలేదు. మా ఫారం గేటు దగ్గర మందునీళ్ల తొట్టి ఉండేది. కలెక్టరుగారు వచ్చినా అందులో కాళ్లు ముంచాకే లోపలికి. పొగరనేవారు. 2025 ఫిబ్రవరిలో మా వైపు బర్డ్ ఫ్లూ వచ్చాక ఆ మాట అన్నవాళ్లే తొట్లు కట్టించుకున్నారు. మా ఆవిడ సంచిలో ఎలుక లేదు గానీ జంతికల డబ్బా బయటపడింది.

ఇక కంచె. పొడవు 8.6 కిలోమీటర్లు, ఎత్తు 2.2 మీటర్లు. 1999లో పూర్తి చేశారు. సన్నకన్ను మెష్. ఎక్కిపోకుండా పైన నున్నటి రేకు టోపీలాగా బయటికి వంచారు, తవ్వుకుని రాకుండా అదే మెష్‌ని కింద మట్టిలో బయటివైపుకి పరిచారు. పిల్లి గానీ ఎలుక గానీ గోడ మొదట్లోనే తవ్వుతుంది, రెండడుగులు వెనక్కెళ్లి తవ్వాలన్న తెలివి దానికి రాదు. ఈ సంగతి తెలిసినవాడెవడో కట్టిన కంచె ఇది. బయటినుంచి వచ్చిపడ్డ 14 రకాల జంతువుల్ని ఆపడానికి కట్టారట. చిట్టెలుకలు మాత్రం పూర్తిగా లొంగలేదని వాళ్లే ఒప్పుకుంటున్నారు. ఆ నిజాయితీ నాకు నచ్చింది. మా షెడ్లో చిట్టెలుక లేదని చెప్పే కోళ్ల రైతుని నేనింతవరకు చూడలేదు.

మాతో వచ్చిన గైడు నా వయసావిడే, జీతం లేకుండా ఇష్టంతో పనిచేసే మనిషి. దారిలో ఒకచోట ఆగి, బూటు కొసతో ఎండుటాకులు రెండుసార్లు గీకింది. ఎక్కణ్ణుంచి వచ్చిందో, బూడిదరంగు పిట్టొకటి పుల్లల్లాంటి కాళ్లతో టపటపా నడుచుకుంటూ వచ్చి నా చెప్పు పక్కన నిలబడింది. రాబిన్. జానెడు దూరం. కదిలిన మట్టిలో పురుగేదో ఏరుకుని, తలొంచి నా వేలికేసి ఒకసారి చూసి, మళ్లీ ఏరుకుంది. మా మనవరాలు ఊపిరి బిగబట్టేసింది. నాకు మాత్రం ఒళ్లు జలదరించింది. మన నాటుకోడి గద్ద నీడ పడితే చాలు, పిల్లల్ని రెక్కల కిందికి లాక్కుంటుంది. దీనికి భయమనేదే లేదు.

ఎందుకు లేదో ఆవిడ చెప్పింది. మనుషులు రాకముందు న్యూజిలాండ్ నేలమీద పాలిచ్చే జంతువులంటే గబ్బిలాలే, ఒడ్డున సీల్‌లు సరే. పిల్లి లేదు, నక్క లేదు, ఎలుక కూడా లేదు. పక్షికి శత్రువు పక్షే. హాస్ట్ గద్ద అని బ్రహ్మాండమైన గద్ద ఉండేది. గద్ద కంటితో వేటాడుతుంది కాబట్టి కదలకుండా కూర్చుంటే బతికిపోవచ్చు. ఆ అలవాటే వాటికి రక్తంలో దిగిపోయింది. ఎలుకా ముంగిసా లాంటివి వాసనతో వస్తాయి. వాసన పట్టి వచ్చేవాడి ముందు కదలకుండా కూర్చుంటే కంచంలో కూర్చున్నట్టే.

ముంగిస అని ఊరికే అనలేదు. 1880లలో ఈ దేశంలో కుందేళ్లు మేతంతా తినేస్తున్నాయని స్టోట్ అనే జంతువుని తెప్పించి వదిలారు. బొమ్మ చూశాను, మన ముంగిసకి సన్నపాటి తమ్ముడిలా ఉంది. వద్దని పక్షుల సంగతి తెలిసినవాళ్లు మొత్తుకున్నా వినలేదట. కుందేళ్లు అలాగే ఉన్నాయి, పక్షులు పోయాయి. మా ఫారంలో ఒకసారి కరెంటువాళ్లు వైరు కోసం బ్రూడర్ షెడ్డు గోడకి కన్నం పెట్టి పూడ్చడం మర్చిపోయారు. ఆ రాత్రి ముంగిస దూరింది. తెల్లారేసరికి మూడొందల కోడిపిల్లలు పోయాయి. తిన్నది రెండో మూడో, మిగతావన్నీ మెడ కొరికి పడేసింది. స్టోట్‌దీ అదే బుద్ధని ఆవిడ చెబుతుంటే నేను తలూపుతూనే ఉన్నాను.

తరవాత చూపించిన పిట్ట పేరు టీకె. నల్లటి ఒళ్లు, వీపు మీద జీను వేసినట్టు ఇటుకరంగు మచ్చ, ముక్కుకి రెండువైపులా పుంజుకి వేలాడినట్టు నారింజరంగు కండ. అబ్బో, పుంజు జాతేనా అనుకున్నాను, కాదట. దీనికి దగ్గరి చుట్టం ఒకటుండేది, హుయియా. మగదానికి పొట్టి గట్టి ముక్కు, ఆడదానికి పొడవాటి వంకర ముక్కు. తోకలో 12 నల్లటి ఈకలు, కొసలు తెలుపు. అక్కడి మూలవాసులైన మావోరీ పెద్దలు తలలో ధరించేవారు. 1883లో ఒక బృందం నెల రోజుల్లో 646 చర్మాలు తెచ్చింది. అప్పటికే అడవులు కొట్టి పచ్చికబయళ్లు చేస్తున్నారు, ఎలుకలు సరేసరి. 1892లో చంపకూడదని చట్టం తెచ్చారు. 1901లో బ్రిటన్ రాజకుమారుడు యార్క్ డ్యూక్ వచ్చినప్పుడు ఆయన టోపీకి ఒక ఈక పెట్టారు. అంతే, ఆ ఈక ఫ్యాషనైపోయింది. ఒక దీవికి చేర్చి కాపాడదామని పట్టిన ఒక జంట కూడా దీవికి కాకుండా ఇంగ్లండుకి కానుకగా పోయింది. చివరిసారి నమ్మకంగా చూసింది 1907 డిసెంబరు 28న, ఈ వెల్లింగ్టన్‌కి పైనున్న టరరువా కొండల్లోనే. 2024లో ఆక్లండ్ వేలంలో ఒక్క ఈక 46,521 న్యూజిలాండ్ డాలర్లకి పోయింది, మన డబ్బుల్లో 23 లక్షల పైమాటే. బతికున్నప్పుడు గింజ వెయ్యలేదు గానీ!

మరి టీకె ఎలా మిగిలింది? ఐరోపా ఓడల్లో వచ్చిన ఎలుకలు చేరని ఒకే ఒక్క దీవిలో మిగిలింది. అక్కణ్ణుంచి మెల్లగా మిగతా చోట్లకి పంచారు, 2002లో ఇక్కడికి తెచ్చారు. దక్షిణాదిన ఉండే టీకెది మరీ ఇరుకు కథ. స్టివర్ట్ దీవి పక్కన బిగ్ సౌత్ కేప్ అనే చిన్న దీవిలోనే అది మిగిలి ఉంది. 1964లో అక్కడ ఓడ ఎలుకలు పేట్రేగిపోయాయి. చేపల పడవల్ని ఒడ్డుకి కట్టిన తాళ్ల మీద నడిచి ఎక్కి ఉంటాయంటారు. తాడు! ఎలుకలు ఒక జాతిని తుడిచేస్తాయంటే అప్పటి శాస్త్రవేత్తల్లోనే కొందరు నమ్మలేదట. వన్యప్రాణి శాఖవాళ్లు పరుగున వెళ్లి 36 టీకెలని పట్టి వేరే దీవులకి చేర్చారు. ఇప్పుడున్న దక్షిణాది టీకెలన్నీ ఆ 36 సంతానమే. ఉల్లంకి పిట్టల్లో రెండు దొరికితే రెండూ చచ్చిపోయాయి. బుష్ రెన్ అనే చిన్న పిట్టల్ని ఆరింటిని వేరే దీవిలో వదిలారు, 1972 తరవాత అవీ కనబడలేదు. అక్కడి పెద్ద గబ్బిలం 1967 తరవాత లేదు. ఒక్క దీవి, ఒక్క తాడు, మూడు జాతులు. ఇది విన్నాక మా ఆవిడ గేటు దగ్గర నవ్విన నవ్వుకి తనే సిగ్గుపడింది.

దీపస్తంభం కాపలాదారు పిల్లి ఒక జాతి మొత్తాన్ని తినేసిందని మా అబ్బాయి కారులో కథ చెప్పాడు. స్టీఫెన్స్ దీవి, 1894. గైడావిడ దాన్ని సరిచేసింది. ఒక్క పిల్లి కాదు, దీవిలో అడవిపాలైన పిల్లుల సంతతి. పిల్లి ఒక్కటైతే ఒక్క షెడ్డు, సంతతి అయితే ఊరు.

వెళ్లేవాళ్లకి నాలుగు మాటలు. మోకాళ్ల నొప్పులుంటే చెరువు గట్టు దారి పట్టండి, పైదారులు నిటారు. వెల్లింగ్టన్ గాలి సంగతి చెప్పనక్కర్లేదు, మంకీ క్యాప్ పెట్టుకోండి, ఎవరూ నవ్వరు. తకాహె అని నీలంరంగు లావుపాటి పక్షుంది. పోయిందనుకున్నాక 1948లో మళ్లీ దొరికింది, మన కడప అడవుల్లో కలివికోడి 1986లో దొరికినట్టు. తీరిగ్గా గడ్డి పీక్కుంటోంది, మనల్ని లెక్కచెయ్యదు. టువటారా అని ఉడుము చిన్నాన్నలాంటిది ఎండలో కూర్చుని ఉంటుంది, కదులుతుందని గంటసేపు చూసినా కదల్లేదు. కివి పక్షిని చూడాలంటే రాత్రి టూరుకి వెళ్లాలి. మాకు కుదర్లేదు. ఇంగ్లీషు యాస నాకు సగమే అర్థమైంది, మనవరాలు తర్జుమా చేసింది. 500 ఏళ్ల తరవాత ఈ లోయ మనుషులు రాకముందున్నట్టు ఉండాలని వాళ్ల ప్రణాళికట. నేను మూడు నెలల మేత రేటు కూడా ఊహించలేను. జీలాండియాకి నా మార్కులు అయిదుకి నాలుగున్నర. ఆ అర తగ్గించింది కివిని చూడలేదన్న నా బాధ వల్లే.

బయటికొచ్చేటప్పటికి ఇక్కడ మూడున్నర, మన దగ్గర ఇంకా పొద్దున్నే. ఫారం ఇప్పుడు మా మేనల్లుడు చూసుకుంటున్నాడు. కారెక్కకుండానే ఫోన్ చేశాను. "మావయ్యా, న్యూజిలాండ్ ఎలా ఉంది?" అన్నాడు. "అది తరవాత, మూడో షెడ్డు తలుపు కింద సందు పూడ్పించావా?" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. ఆదివారం మేస్త్రీ వస్తాడన్నాడు.