జాగ్రత్త: "తాతగారి పెట్టెలో దొరికింది" అంటూ అమ్మే వెండి నాణేలు

ఆన్‌లైన్‌లో పాత నాణేలు కొనేవాళ్ళు, ముఖ్యంగా పిల్లల కోసం కొనేవాళ్ళు, డబ్బు కట్టే ముందు ఇది ఒకసారి చదవండి. "తాతగారు పోయాక పాత పెట్టె తెరిస్తే ఇవి కనిపించాయి, నాకు నాణేల గురించి ఏమీ తెలియదు, ఇష్టపడేవాళ్ళ చేతికి వెళ్తే చాలు" అని రాసి కింద నల్లబడిన వెండి నాణెం ఫోటో పెడతారు చూడండి, అలాంటి ఒక సెల్లర్ దగ్గర కొంటే నాకు పచ్చి నకిలీ వచ్చింది.

ఆ కథ మనల్ని ఇట్టే పట్టేయడానికి కారణం ఉంది. ఈ హాబీలో ఉన్న చాలామందికి మొదలు అలాంటిదే. చిన్నప్పుడు మట్టి తవ్వుతుంటేనో, పాత బట్టల జేబులోనో, మూలన పడేసిన డబ్బాలోనో ఒక అరిగిపోయిన బిళ్ళ దొరుకుతుంది, దాని మీది సంవత్సరం కూడబలుక్కుని చదువుతాం, ఇది ఎన్ని చేతులు మారి మన దాకా వచ్చిందా అని ఆలోచిస్తూ కూర్చుంటాం, ఇక అక్కడి నుంచి ఏ నాణెం కనిపించినా తిప్పి చూడకుండా ఉండలేం. నాకూ అలాగే మొదలైంది. అమ్మేవాడికి ఈ సంగతి బాగా తెలుసు. అందుకే బరువు, అంచు, లోహం గురించి ఒక్క ముక్క రాయకుండా పెట్టె గురించి మాత్రం పెద్ద పేరా రాస్తాడు.

ఈ మధ్య మా మేనల్లుడికి మట్టిలో ఒక రాగి నాణెం దొరికింది. అప్పటి నుంచి వాడి ప్రశ్నలకు అంతు లేదు. వాడికి చేతిలో పెట్టుకుని మురిసిపోయే పెద్ద వెండి నాణెం ఒకటి ఇద్దామని 1780 నాటి మరియా థెరీసా థాలర్ అని పెట్టిన లిస్టింగ్ చూసి తెప్పించాను. అందులో మొదటి అబద్ధం ఆ "నాటి" అన్న మాటే. ఆస్ట్రియాను ఏలిన మరియా థెరీసా 1780లో చనిపోయింది. అయితే ఎర్ర సముద్రం చుట్టుపక్కల, ఇథియోపియాలో, అరేబియాలో వ్యాపారులు ఆ నాణేన్ని ఎంతగా నమ్మేవాళ్ళంటే, ఆమె పోయాక కూడా అదే బొమ్మతో, అదే సంవత్సరంతో కొట్టిస్తూనే వచ్చారు. వియన్నా ఒక్కటే కాదు, 20వ శతాబ్దంలో రోమ్, లండన్, పారిస్, బొంబాయి టంకశాలలు కూడా వేశాయి. కాబట్టి మన చేతికొచ్చింది అసలైన వెండి థాలరే అయినా, అది 1780లో తయారైందని చెప్పడానికి దాని మీది అంకె ఒక్కటే సరిపోదు. "రెండు శతాబ్దాల అరుదైన నాణెం" అని ఎవరైనా రాస్తే అక్కడే అనుమానించండి.

నాకు వచ్చింది అసలు వెండే కాదు. థాలర్ బరువు దాదాపు 28.07 గ్రాములు ఉండాలి, వెండి 83.3 శాతం. ఇది 22 గ్రాములు కూడా తూగలేదు. అయస్కాంతం దగ్గర పెడితే టక్కున అతుక్కుంది. అన్నిటికంటే నాకు కోపం తెప్పించింది అంచు. అసలు థాలర్ అంచు చుట్టూ లాటిన్ అక్షరాలు, వాటి మధ్య చిన్న చిన్న డిజైన్లు ఉబ్బెత్తుగా ఉంటాయి, దీనికి మాత్రం మామూలు గీతలే. లిస్టింగ్‌లో బొమ్మా బొరుసూ పెట్టి అంచు ఫోటో ఒక్కటీ పెట్టలేదంటే అది పొరపాటున జరిగిందని నేను నమ్మను. కాటా మీద పెట్టిన ఫోటో పంపి అడిగితే మొదట "పాతది కదా, అరిగింది" అన్నాడు. తర్వాత "నాకు తెలియదని ముందే రాశాను కదా" అన్నాడు. ఆ తర్వాత బ్లాక్ చేశాడు. ఇప్పుడు అవే ఫోటోలు వేరే పేరుతో, ఈసారి అమ్మమ్మగారి బీరువా కథతో మళ్ళీ అమ్మకానికి ఉన్నాయి. ఈ పోస్ట్ రాయడానికి అసలు కారణం అదే.

కొనే ముందు అంచు ఫోటో, కాటా మీద బరువు కనిపించే ఫోటో అడగండి. నిజాయితీగా అమ్మేవాళ్ళకు ఇది పెద్ద పనేం కాదు, కోప్పడితే వదిలేయండి. ఆ నాణెం బరువు, వ్యాసం, లోహం ఎంతెంత ఉండాలో న్యూమిస్టా అనే ఆన్‌లైన్ నాణేల కేటలాగ్‌లో ఉచితంగా దొరుకుతాయి. అయస్కాంతానికి అతుక్కుంటే వెండి కాదు అన్నది నిజమే కానీ, అతుక్కోకపోతే వెండే అనుకోకండి, ఇత్తడీ రాగీ కూడా అతుక్కోవు. అనుమానం తీరాలంటే సాంద్రత చూడాలి. గ్రాములో వందో వంతు చూపే డిజిటల్ కాటా మీద నీళ్ళ గిన్నె పెట్టి, అంకెను సున్నాకి తెచ్చి, నాణేన్ని సన్నని దారంతో గిన్నె అడుగు తగలకుండా నీళ్ళలో పూర్తిగా ముంచండి. కాటా చూపే అంకెతో నాణెం పొడి బరువును భాగిస్తే సాంద్రత వస్తుంది. థాలర్‌కు అది 10.2 దగ్గర ఉండాలి. రాగి, నికెల్ మిశ్రమమైతే 8.9 దగ్గర ఆగిపోతుంది, ఇనుముకు ఇంకా తక్కువ.

నాణెం అసలుదో కాదో, ఎంత బాగుందో చూసి చెప్పే గ్రేడింగ్ కంపెనీ ప్లాస్టిక్ డబ్బాలో సీల్ చేసి ఉంది కదా అని కూడా నిశ్చింతగా ఉండకండి, ఆ డబ్బాలకూ నకిలీలున్నాయి. సెల్లర్ పంపిన లింక్ నొక్కకుండా మీరే ఆ కంపెనీ సైట్‌కి వెళ్ళి డబ్బా మీది నంబర్ కొట్టి, అక్కడ ఫోటో ఉంటే ప్రతి మచ్చా గీతా పోల్చి చూడండి. తళతళలాడే "పాత" నాణేలు మాత్రం నేనైతే ముట్టను. రుద్ది మెరిపించిన నాణెం అసలుదే అయినా కలెక్టర్ల దృష్టిలో దాని విలువ బాగా పడిపోతుంది, పోయిన పైపొర మళ్ళీ రాదు. అందుకే పిల్లలకు నాణెం దొరికితే ముందు చెప్పాల్సిన మాట తోమొద్దని. మెత్తటి పీవీసీ కవర్లలో పెట్టి పంపితే వెంటనే తీసేయండి, కొన్నాళ్ళకు నాణెం మీద జిగటగా పచ్చటి పొర పడుతుంది.

"యాప్ బయట కట్టండి, తగ్గిస్తాను" అంటే ఒప్పుకోవద్దు, గొడవైతే మీ తరఫున అడిగేవాళ్ళుండరు. పార్సెల్ విప్పేటప్పుడు వీడియో తీయండి, కవరూ లేబులూ పారేయకండి. ఇప్పటికే ఇలాంటి నాణెం కొని ఉంటే ఈరోజే తూచి చూడండి, తేడా ఉంటే రిటర్న్ గడువు ముగిసేలోపు బరువు ఫోటో, అంచు ఫోటోలతో ఫిర్యాదు పెట్టండి. నేను పెట్టింది ఇంకా తేలలేదు, తేలగానే ఇక్కడే రాస్తాను.