ఈ2లేబుల్: మా డిస్కులకు పేర్లు పెట్టిన కమాండు

కావలి ట్రంక్ రోడ్డులో మాది పెళ్లి వీడియోల ఎడిటింగ్ స్టూడియో. పనంతా ఉబుంటు అనే లినక్స్ సిస్టమ్ మీదే. మాఘమాసం వచ్చిందంటే టేబుల్ నిండా యూఎస్‌బీ డిస్కులు, అన్నీ నల్లవే, అన్నీ 2 టీబీవే. సిస్టమ్ వాటిని ఎస్‌డీబీ, ఎస్‌డీసీ అంటుంది. ఏది ముందు దొరికితే అది ఎస్‌డీబీ. నిన్నటి ఎస్‌డీబీ ఇవాళ ఎస్‌డీసీ అవ్వొచ్చు.

మొన్నటి సీజన్లో అదే జరిగింది. కరెంటు పోయి వచ్చాక పేర్లు తారుమారయ్యాయి. బ్యాకప్ స్క్రిప్టులో నేను ఎస్‌డీబీ1 (అంటే ఎస్‌డీబీలో మొదటి భాగం) అనే రాసుకున్నాను. పాతది చెరిపి కొత్తది ఎక్కించే ఆ స్క్రిప్టు పోయి బిట్రగుంట పెళ్లి ఉన్న డిస్కు మీద పడింది. "అన్నా, అప్పగింతల ఫోల్డర్ కనబడట్లేదు" అని మా కుర్రాడు అంటే నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. కెమెరా కార్డులు ఇంకా ఫార్మాట్ చేయలేదు కాబట్టి ఆ అమ్మాయి అప్పగింతలు దక్కాయి.

ఆ రాత్రే డిస్కుకు లేబుల్, అంటే పేరు, పెట్టే ఈ2లేబుల్ కమాండు పట్టుకున్నాను. విడిగా దించుకోనక్కర్లేదు, ఉబుంటుతోనే వస్తుంది. ముందు 'ఎల్ఎస్‌బీఎల్‌కే -ఎఫ్' కొట్టి ఏ డిస్కు ఏదో చూసుకోవాలి. తర్వాత 'సుడో ఈ2లేబుల్ /డెవ్/ఎస్‌డీబీ1', దాని పక్కన మనం పెట్టే పేరు. రెప్పపాటు పని. ఫైళ్ల జోలికి పోదు. పేరు ఫైల్‌సిస్టమ్‌లోనే, అంటే డిస్కులో ఫైళ్లను అమర్చే ఏర్పాటులోనే, రాసి ఉంటుంది కాబట్టి ఏ పోర్టుకు తగిలించినా దాని వెంటే వస్తుంది.

తెలుగులో పెట్టేవాళ్లు ఒకటి చూసుకోండి. హద్దు 16 బైట్లు. తెలుగులో అచ్చుగుర్తుకూ పొల్లుకూ కూడా 3 బైట్లు చొప్పున పోతాయి. 'మాఘం' 12 బైట్లు, హాయిగా పట్టింది. 'శ్రావణం' 21. హెచ్చరించి మరీ కత్తిరించేసింది. 'శ్రావ' మిగిలి, చివర ఒక విరిగిన బైటు వేలాడింది. అందుకే దానికి 'వానలు' అని పెట్టాను.

ఇది లినక్స్ వాడే ఎక్స్‌ట్4 ఫైల్‌సిస్టమ్ కుటుంబానికే. కొన్ని కెమెరా కార్డుల్లో ఉండే ఫ్యాట్32 ఫైల్‌సిస్టమ్‌కు ఫ్యాట్‌లేబుల్ వాడాలి, హద్దు 11 బైట్లు. నాకు నచ్చనిది ఒక్కటే: రెండు డిస్కులకు ఒకే పేరు పెట్టినా కిమ్మనదు. అప్పుడు ఏది మౌంట్ అవుతుందో, అంటే వాడుకోవడానికి సిస్టమ్‌కు ఏది కలుస్తుందో, చెప్పలేం.

ఇప్పుడు ఏ డిస్కు ఎక్కడ మౌంట్ కావాలో రాసుకునే ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైలులో ఎస్‌డీబీ అన్న మాటే లేదు, అన్నీ లేబుళ్లే. పక్కన 'నోఫెయిల్' కూడా రాశాను, డిస్కు తగిలించకపోయినా సిస్టమ్ ఆగకుండా లేస్తుంది. స్క్రిప్టు 'మాఘం' మౌంట్ అయి ఉంటేనే కదులుతుంది.