ఒకే గేటా, వేరే గేటా: ఏది మేలు?

చెన్నైలో ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) వైపు ఫ్లాటు చూస్తున్న మనవాళ్ళు పదే పదే అడుగుతున్నారు: "ప్రాజెక్టులో ఈడబ్ల్యూఎస్ ఇళ్ళు, అంటే పేదలకు కట్టే చిన్న ఇళ్ళు కూడా ఉన్నాయట. వాళ్ళకు దారి వేరేగా ఉంటేనే మంచిది కదా?"

వేరే దారి కావాలనే వాదనలో పస ఉన్నది మెయింటెనెన్స్ దగ్గరే. లండన్ బిల్డర్లూ ఇదే చెప్పారు: ఖరీదైన లాబీ ఖర్చు పేదల నెత్తిన పడకూడదంటే గుమ్మం వేరు చేయాలని. చెన్నై రెండో మాస్టర్ ప్లాన్ నిబంధనల్లో ఇలాంటి ఇంటికి గరిష్ఠం 45 చదరపు మీటర్లని రాశారు, అంటే దాదాపు 485 చదరపు అడుగులు. మెయింటెనెన్స్ అడుగుకు 4 రూపాయలనుకున్నా నెలకు 1,940. నాలుగిళ్ళలో పనిచేసే ఆవిడకు అది చిన్న మొత్తమేం కాదు. తన పిల్లలు దిగని స్విమ్మింగ్ పూల్‌కు ఆమె ఎందుకు కట్టాలి?

సరే. కానీ గేటు వేరు చేస్తే అక్కడితో ఆగదు. అసోసియేషన్ వేరవుతుంది, సంపు వేరవుతుంది. మే నెలలో నీళ్ళ లారీలే దిక్కయినప్పుడు పెద్ద బ్లాకు సెక్రటరీ ఒక్క ఫోన్ కొడితే లారీ వస్తుంది, డబ్బు నెలాఖరున ఇచ్చినా చెల్లుతుంది. చిన్న బ్లాకువాళ్ళు ముందే ఇంటింటికీ తిరిగి పోగుచేయాలి, ఇద్దరు తర్వాత ఇస్తామంటే ఆ పూటకు లారీ లేదు. లిఫ్టూ అంతే. కార్పస్ ఫండ్ (పెద్ద మరమ్మతుల కోసం దాచే నిధి) లేనిచోట మోటారు కాలితే నాలుగో అంతస్తు ముసలమ్మ కిందికి దిగలేదు.

అందుకే నా ఓటు ఒకే గేటుకు, ఒకే సంపుకు. నీళ్ళు, లిఫ్టు, వాచ్‌మన్, చెత్త ఖర్చు అందరికీ అడుగు లెక్కన వేయాలి. పూల్, జిమ్ చందా వాడుకునేవాళ్ళే కట్టుకోవాలి. లాబీ ఖర్చు గొడవ బిల్లులోనే తీరిపోతుంది, దానికి గోడ ఎందుకు?

న్యూయార్క్‌లో 40 రివర్‌సైడ్ బులవార్డ్ భవనంలో తక్కువ అద్దె ఇళ్ళు 55, వాటికి వేరే ద్వారం. 'పూర్ డోర్' (పేదల గుమ్మం) అని జనం దుమ్మెత్తిపోశారు, 2015లో అలాంటివి కట్టకుండా చట్టం తెచ్చారు. అయినా ఆ 55 ఇళ్ళకు సుమారు 88,000 దరఖాస్తులొచ్చాయి. దీన్ని చూపించి "వాళ్ళకే లేని బాధ మీకెందుకు" అనేవాళ్ళున్నారు. గతిలేక ఒప్పుకున్నదాన్ని ఇష్టమని రాసుకుంటే ఎలా?

పేదల ఇళ్ళను ప్రాజెక్టుకు 2 కిలోమీటర్ల లోపల ఇంకోచోట కట్టడానికీ ఆ మాస్టర్ ప్లాన్ నిబంధనల్లో వీలిచ్చారు. బిల్డర్‌కు హాయి, అంతే. ఇక పేదల్ని ఊరి చివరికి తరలించిన కణ్ణగి నగర్, పెరుంబాక్కం కాలనీల తరహా దూరాభారాన్ని నేను పోలికలోకే తీసుకోను.

అడ్వాన్స్ ఇచ్చేముందు బిల్డర్‌ను గేటు గురించి కాదు, సంపు ఒకటా రెండా, అసోసియేషన్ ఒకటా రెండా అని అడగండి.