చాడ్ చానింగ్ తిరిగిన దారుల్లో సియాటిల్

సియాటిల్ వెళ్లే రాక్ సంగీతాభిమానులు నిర్వాణ బృందం గాయకుడు కర్ట్ కొబేన్ చివరి రోజుల్లో ఉన్న ఇంటి దగ్గరికి, పాప్ కల్చర్ మ్యూజియానికి వెళ్లి ఫొటోలు తీసుకుని వస్తారు. నేను వేరే మనిషిని పట్టుకుని తిరిగాను. నిర్వాణ బృందానికి 1988 నుంచి 1990 దాకా డ్రమ్స్ వాయించిన చాడ్ చానింగ్ ఆయన. సియాటిల్ పక్కనే రెడ్మండ్‌లో ఉండే మా బావకు సంగతి చెబితే, "నిర్వాణ డ్రమ్మర్ డేవ్ గ్రోల్ కదా, మధ్యలో ఈ చాడ్ ఎవరు?" అన్నాడు. లోకమంతా అడిగే ప్రశ్నే అది. గ్రోల్ చేరింది 1990 చివర్లో. ఏడాది తర్వాత 'నెవర్‌మైండ్' ఆల్బమ్ వచ్చింది, బృందం పేరు ప్రపంచమంతా మోగింది. అంతకు ముందు వ్యానులో ఊరూరా తిరిగి చిన్న చిన్న క్లబ్బుల్లో వాయించినప్పుడు డ్రమ్స్ ముందు కూర్చున్నది చానింగ్.

బస గురించి ముందే చెప్పేస్తాను. రెడ్మండ్, బెల్వ్యూ వైపు తెలుగు కుటుంబాలు ఎక్కువ, ఇంటి భోజనానికి లోటుండదు. కానీ ఈ యాత్రలో చూడాల్సినవన్నీ వాషింగ్టన్ సరస్సుకు అవతలి ఒడ్డున ఉన్నాయి. వంతెన మీద టోల్, ట్రాఫిక్ భరించి రోజూ వచ్చిపోవడం దండగ అనిపించి, నగరం నడిబొడ్డున ఒక హోటల్లో దిగాను. ఫెర్రీ రేవుకు నడిచి వెళ్లగలగడం ఒక్కటే దాని గొప్పతనం. గది ఇరుకు. ఇంటర్నెట్‌లో చూపిన ధర ఒకటి, చేతికి వచ్చిన బిల్లు మరొకటి. పన్ను పదిహేను శాతం పైమాటే. దానికి తోడు 'సౌకర్యాల రుసుము' అని ఇంకో పద్దు. ఆ సౌకర్యాలేమిటని అడిగితే కౌంటర్‌లో అమ్మాయి నవ్వి, నీళ్ల సీసా చూపించింది. కారు ఉంటే పార్కింగ్‌కు రాత్రికి ఇంచుమించు 50 డాలర్లు అదనం. అందుకే నగరంలో ఉన్నన్నాళ్లూ కారు జోలికి పోలేదు. విమానాశ్రయం నుంచి లైట్ రైలు, ఊళ్లో తిరగడానికి బస్సు, రెండింటికీ ఓర్కా కార్డు ఒక్కటి చాలు.

నలభయ్యో నంబరు బస్సు ఎక్కితే లియరీ వే రోడ్డులో దిగవచ్చు. అక్కడ ముక్కోణపు ఆకారంలో ఒక చిన్న భవనం కనిపిస్తుంది. అప్పట్లో దాని పేరు రెసిప్రొకల్ రికార్డింగ్ స్టూడియో. నిర్వాణ మొదటి ఆల్బమ్ 'బ్లీచ్'ను 1988 చివర్లో, 1989 మొదట్లో నిర్మాత జాక్ ఎండీనో ఇక్కడే రికార్డు చేశాడు. మొత్తం ఖర్చు 606.17 డాలర్లు. మా హోటల్ బిల్లు అంతకంటే ఎక్కువైంది. ఆ డబ్బు కట్టింది నిర్వాణ గిటారిస్టు జేసన్ ఎవర్‌మన్. ఆల్బమ్‌లో ఆయన ఒక్క తీగైనా మీటలేదు, అయినా అట్ట మీద ఆయన పేరు, ఫొటో వేశారు. డేల్ క్రోవర్ అనే మరో డ్రమ్మర్ అంతకు ముందే వాయించిపెట్టిన రెండు మూడు పాటలు తప్పిస్తే డ్రమ్స్ అన్నీ చానింగ్‌వే. ఇది టికెట్టు పెట్టి చూపించే చోటు కాదు, రోడ్డు మీద నిలబడి చూసి రావాల్సిందే. పావుగంట చాలు. నాకైతే మ్యూజియం కంటే ఇదే నచ్చింది.

మ్యూజియం బాగా లేదని కాదు. ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ గెరీ కట్టిన ఆ వంకర టింకర లోహపు భవనాన్ని బయట నుంచి చూసినా పైసా వసూలే. లోపల నిర్వాణ మీద 2011లో మొదలైన ప్రదర్శన ఏళ్ల తరబడి నడిచింది. టికెట్టు ధర తేదీని బట్టి మారుతుంది, సుమారు 30 డాలర్లు అనుకోండి. సెలవు రోజైతే జనం తోసుకుంటూ ఉంటారు.

ఇక బెయిన్‌బ్రిడ్జ్ ద్వీపం. కోల్మన్ రేవు నుంచి ఫెర్రీలో 35 నిమిషాల ప్రయాణం. కాలినడకన ఎక్కేవాళ్లకు పది డాలర్లకు అటూ ఇటూ, అదీ వెళ్లేటప్పుడు మాత్రమే. తిరుగు ప్రయాణానికి టికెట్టు అడగరు. వేసవి వారాంతాల్లో కార్ల వరుస చాంతాడంత ఉంటుంది, నడిచి ఎక్కేవాళ్లకు ఆ బాధ లేదు. మబ్బు లేని రోజైతే డెక్కు మీద నుంచి రెయినియర్ కొండ పూర్తిగా కనిపిస్తుంది. ఈ నగరంలో ఇంత తక్కువకు ఇంత మంచి కాలక్షేపం ఇంకొకటి దొరకదు.

చానింగ్ పుట్టింది కాలిఫోర్నియాలో. తండ్రి రేడియోలో పనిచేసేవాడు, ఉద్యోగం వెంట కుటుంబం ఊళ్లు మారుతూ చివరికి ఈ ద్వీపం చేరింది. చిన్న ఊరే గానీ సంగీతానికి మంచి నేల. మదర్ లవ్ బోన్ అనే రాక్ బృందం గాయకుడు ఆండ్రూ వుడ్ ఇక్కడే పెరిగాడు. తర్వాత సౌండ్‌గార్డెన్ అనే రాక్ బృందంలో చేరిన బెన్ షెపర్డ్, చానింగ్ కలిసి ఒకప్పుడు ఒకే బృందంలో వాయించారు. 1990 ఏప్రిల్‌లో మాడిసన్ నగరంలో నిర్మాత బుచ్ విగ్ దగ్గర కొత్త పాటలు రికార్డు చేశాక కొబేన్‌కు, బేస్ గిటారిస్టు నొవొసెలిక్‌కు చానింగ్ డ్రమ్స్ మీద అసంతృప్తి మిగిలింది. పాటలు రాయడంలో తనకూ చోటు కావాలని ఆయనకు ఉండేది. ఆ ఏడాదే విడిపోయారు. ఆ మాడిసన్ రికార్డింగులోని 'పాలీ' పాట తర్వాత 'నెవర్‌మైండ్'లోకి వచ్చింది. అందులో వినిపించే కంచు తాళాలు (సింబల్స్) చానింగ్‌వి, పేరు మాత్రం వేయలేదు. 2014లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవంలోనూ ఆయన్ను కలపలేదు. వేదిక మీద గ్రోల్ మాత్రం ఆయనకు కృతజ్ఞతలు చెప్పి, 'ఇన్ బ్లూమ్' పాట డ్రమ్స్ వరస చానింగ్ కట్టిందేనని నలుగురిలో ఒప్పుకున్నాడు. ఆ తర్వాతి జీవితమంతా చానింగ్ చిన్న బృందాలతోనే గడిపాడు: ఫైర్ ఆంట్స్, మెథడిస్ట్స్, బిఫోర్ కార్స్. చివరిదానిలో ఆయనే పాడాడు కూడా.

ద్వీపంలో ఆయన పేరున ఏ గుర్తూ వెతక్కండి. ఇల్లెక్కడని అడగడం అసలే మర్యాద కాదు. విన్‌స్లో వీధిలో నడవండి, రేవు పక్కనే ఉన్న కళల మ్యూజియంలోకి వెళ్లండి, ప్రవేశం ఉచితం. భోజనం మాత్రం నగరం ధరలకే. ఆకలి ఆపుకోగలిగితే తిరిగొచ్చాక తినడం మేలు.

కొబేన్ పుట్టిన ఊరు అబెర్డీన్‌కు కారు తప్పదు. దాదాపు 175 కిలోమీటర్లు, టకోమా దగ్గర ట్రాఫిక్ పట్టుకుంటే మూడు గంటలు. దారిలో ఐ-5 హైవే పక్కన పెద్ద సైనిక స్థావరం వస్తుంది. నిర్వాణ నుంచీ, తర్వాత సౌండ్‌గార్డెన్ నుంచీ బయటపడిన ఎవర్‌మన్ 1994లో సైన్యంలో చేరి రేంజర్‌గా ఇక్కడే పనిచేశాడు. అటుపై ప్రత్యేక దళాల్లో చేరి అఫ్గానిస్తాన్, ఇరాక్ యుద్ధాలు చూశాడు. అబెర్డీన్‌లో విష్కా నది వంతెన పక్కన కొబేన్ పార్కు ఉంది, చూడటానికి పది నిమిషాలు చాలు. ఊరి చరిత్ర మ్యూజియం 2018 అగ్నిప్రమాదంలో కాలిపోయింది. కలప వ్యాపారం తగ్గి కళ తప్పిన ఊరు. మేం దిగిన మోటెల్ చవకే, దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, కానీ రాత్రంతా హీటర్ గుర్రు పెట్టింది. ఒక్క రోజే ఉందనుకుంటే అబెర్డీన్ మానేసి ఫెర్రీ ఎక్కమంటాను.

తిరుగు ప్రయాణంలో విమానాశ్రయంలోనే 'బ్లీచ్'ను విడుదల చేసిన సబ్ పాప్ కంపెనీ దుకాణం ఉంది. టీషర్టుల ధరలు చూసి జడుసుకోవద్దు. 'బ్లీచ్' రికార్డు కొనేవాళ్లు చేతి సంచిలోనే పెట్టుకోండి, పెట్టెలో వేస్తే హైదరాబాద్ చేరేసరికి అట్ట మూలలు నలుగుతాయి.