బిగించి కట్టడమా, ఊగనివ్వడమా: భూకంపానికి ఏది మేలు?

పునాదికి గట్టిగా బిగించిన కట్టడమే భూకంపంలో నిలబడుతుందని చాలామంది అనుకుంటారు, కానీ సన్నగా ఎత్తుగా ఉండే పెద్ద కట్టడాల విషయంలో నా ఓటు ఊగనివ్వడానికే, అంటే అడుగుని బిగించకుండా దాని అంచులు లేచి దిగేలా వదలడానికే. చిన్న వస్తువులకైతే సరిగ్గా ఉల్టా. ఎందుకో చెప్తా.

ముందు బిగించి కట్టే పద్ధతి. అందరికీ తెలిసిన దారి ఇది, ఇంజినీర్లకు లెక్కలూ అలవాటే. భూమి ఊపితే స్తంభం అడుగున వంగే బలం పెరుగుతూ పోతుంది, ఒక హద్దు దాటాక లోపలి ఉక్కు సాగుతుంది, కాంక్రీటు పగులుతుంది, ఆ నష్టంలోనే భూకంపం శక్తి ఖర్చయిపోతుంది. సరిగ్గా కడితే లోపలి మనుషులు చాలావరకు బతుకుతారు, కానీ భవనం ఒక పక్కకి ఒరిగి అలాగే ఉండిపోవచ్చు. 2011లో న్యూజీలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ భూకంపంలో కూలకుండా నిలబడ్డ భవనాలు కూడా బాగుచేయడం గిట్టక తర్వాత ఎన్నో కూల్చేశారు.

ఇప్పుడు ఊగేది. అడుగున ఏ కట్టూ లేని దిమ్మ తీసుకోండి, వెడల్పు ఒక వంతు, ఎత్తు ఐదు వంతులు. నేల త్వరణం గురుత్వ త్వరణంలో ఐదో వంతు దాటితే దాని ఒక అంచు పైకి లేస్తుంది. అయిపోయింది, ఇక పడిపోతుంది అనుకుంటాం గానీ, లేవడం వేరు, పడటం వేరు. అంచు లేచాక దిమ్మలోకి ఎక్కే బలానికి ఒక గరిష్ఠ హద్దు ఏర్పడుతుంది, పైగా భూమి ఒకవైపే నెట్టదు కదా, క్షణంలో దిశ మార్చేస్తుంది, ఈలోగా సొంత బరువే దాన్ని వెనక్కి లాగుతుంది. అసలు కిటుకు సైజులో ఉంది: ఇదే నిష్పత్తితో నాలుగు రెట్లు పెద్ద దిమ్మ చేస్తే అంచు లేవడం అదే త్వరణం దగ్గర మొదలవుతుంది, కానీ ఒక్క కుదుపుతో దాన్ని పడేయాలంటే నేల సుమారు రెండు రెట్ల వేగంతో కదలాలి. 1960 చిలీ భూకంపంలో పొడవాటి కాడ మీద నిలబెట్టిన నీళ్ల ట్యాంకులు బతికి, చూడ్డానికి వాటికంటే దిట్టంగా ఉన్న కాంక్రీటు ట్యాంకులు దెబ్బతినడం చూసే అమెరికన్ ఇంజినీర్ జార్జ్ హౌస్నర్ 1963లో ఈ లెక్క రాశాడు.

లోపం లేదా? ఉంది. దిమ్మ ఎంత ఒరిగితే వెనక్కి లాగే బలం అంత తగ్గుతుంది, అందుకే ఎక్కువసేపు ఒకేవైపు నెట్టే నిదానమైన పెద్ద కుదుపులు దీనికి ప్రమాదం. పైగా అడుగు నేలను తాకినప్పుడు పోయే శక్తి కొంచెమే, మన 1:5 దిమ్మకి లెక్క ప్రకారం ఒక్కో తాకిడికి సుమారు 11 శాతం.

అందుకే నాకు అన్నిటికంటే నచ్చేది అదుపులో ఊగడం, అంటే అడుగు లేవనిస్తూనే డ్యాంపర్లతో శక్తి పీల్చడం. న్యూజీలాండ్‌లోనే సౌత్ రంగిటికీ రైలు వంతెన (1981) ఉంది, దాని పీయర్లు (వంతెనను మోసే స్తంభాలు) సుమారు 70 మీటర్ల దాకా ఎత్తు, భూకంపంలో వాటి కాళ్లు ఒకటి తర్వాత ఒకటి సుమారు 13 సెంటీమీటర్ల దాకా పైకి లేవగలవు, అక్కడ అమర్చిన ఉక్కు డ్యాంపర్లు మెలితిరుగుతూ శక్తిని తినేస్తాయి. భవనాల గోడల్లో అయితే లాగి బిగించిన ఉక్కు తీగలు కూడా పెడతారు, ఊగుడు ఆగాక గోడ మళ్లీ నిలువుగా వచ్చేస్తుంది. పాడైన డ్యాంపర్ మార్చుకుంటే చాలు.

మరి భవనానికీ పునాదికీ మధ్య రబ్బరు దిమ్మలు, అంటే బేరింగులు, పెట్టి కట్టే బేస్ ఐసోలేషన్? ఆసుపత్రి లాంటి పొట్టి, వెడల్పు భవనానికి అదే మేలు, నిస్సంకోచంగా. ఊగే కట్టడం అడుగు నేలను తాకినప్పుడల్లా లోపలి పరికరాలకు కుదుపు తగులుతుంది, బేరింగుల మీద ఆ బాధ లేదు. కానీ సన్నటి ఎత్తైన కట్టడంలో బేరింగులు పైకి లాగబడతాయి, రబ్బరుకి అది పడదు.

ఇంకో విచిత్రం, పాత రాతి స్తంభాల వరస మీద బరువైన దూలం ఊరికే పెట్టి ఉంటే, బరువు పైకి చేరింది కాబట్టి ముప్పు పెరుగుతుందనే ఎవరైనా అంటారు. మాక్రిస్, వాసిలియూ అనే పరిశోధకులు లెక్క వేస్తే ఉల్టా తేలింది: దూలం బరువు పెరిగే కొద్దీ ఆ వరస స్థిరంగా ఉంటుంది, మహా అయితే ఒకటిన్నర రెట్లు పెద్ద ఒంటి స్తంభంతో సమానమయ్యే దాకా. కాబట్టి అలాంటి చోట మరమ్మతు పేరుతో అన్నీ కలిపి బిగించేసే ముందు లెక్క చూడాలి.

బీరువా, ఫ్రిజ్, పుస్తకాల అర సంగతి వేరు. సైజు చిన్నది, ఊగనిస్తే పడిపోతాయి. గోడకి బిగించండి, అదీ గట్టి బోల్టులతో, ఎందుకంటే మధ్యలో ఊడిపోయే అరకొర బిగింపు వల్ల కొన్ని రకాల కుదుపుల్లో అసలు బిగించని దానికంటే ముందే బోర్లాపడే అవకాశం ఉంది.