కారుకు గ్యాస్ కిట్ పెట్టించుకునేవాళ్లు ముందు ట్యాంక్ మీది ప్లేట్ చదవండి (నేను చదవలేదు)

ఇప్పుడే షాపు నుంచి ఇంటికొచ్చాను. ఇంకా అన్నం కూడా తినలేదు. కోపంలో రాస్తున్నాను కాబట్టి అటూ ఇటూ పోతే సర్దుకోండి. షాపు పేరు రాయను. కారుకు ఎల్పీజీ కిట్ ఎక్కడ వేయిస్తారని వరంగల్‌లో, హన్మకొండలో నలుగురిని అడిగితే కనీసం ఇద్దరు చెప్పే షాపే. నాకూ అలాగే చెప్పారు.

సంగతి టూకీగా ఇది. నాది 2013 పెట్రోల్ వ్యాగన్ ఆర్. ఇల్లు హన్మకొండ, ఉద్యోగం పరకాల వైపు. పోనూ రానూ రోజుకు డెబ్బై కిలోమీటర్ల చిల్లర. పెట్రోల్ లీటరు వంద దాటి ఆడుతుంటే నెలాఖరుకు జేబులో ఏం మిగులుతుందో మీకు చెప్పక్కర్లేదు. సీఎన్జీ అయితే డిక్కీ అంతా సిలిండరే, ఎల్పీజీ అయితే స్టెప్నీ గుంటలో గుండ్రటి ట్యాంక్ కూర్చుంటుంది బావా, డిక్కీ ఖాళీగానే ఉంటుంది అన్నాడు మా బామ్మర్ది. షాపు చూపించింది కూడా ఆయనే. గుంటలోంచి తీసిన స్టెప్నీ ఎక్కడ పెట్టుకోవాలో మాత్రం చెప్పలేదు. అది ఇప్పుడు డిక్కీలో ఉంది.

34,000కి బేరం కుదిరింది. కొత్త ఇటలీ కిట్, కొత్త ట్యాంక్, ఏఆర్ఏఐ (వాహనాలను పరీక్షించి ఆమోదించే సంస్థ) సర్టిఫికెట్, ఆర్సీలో ఎక్కించే పని మాదే అన్నాడు ఓనర్. 20,000 ముందే ఇచ్చాను. మిగతా 14,000 బండి తీసుకునే రోజు ఫోన్‌లో కొట్టాను. బిల్లు అడిగితే "జీఎస్టీ ఏస్తే మీకే ఎక్కువ పడ్తది సార్" అన్నాడు. పాపం, నా మంచి కోరేవాడు దొరికాడనుకున్నాను!

మొదటి నెల పేరు పెట్టడానికి లేదు. బండి పెట్రోల్‌తో స్టార్టయి, ఇంజిన్ వేడెక్కాక టిక్కుమని గ్యాస్‌కి మారేది. ఆ టిక్కు విన్నప్పుడల్లా హుండీలో రూపాయి పడ్డట్టు ఉండేది నాకు. లీటరుకు వచ్చే కిలోమీటర్లు పెట్రోల్ కన్నా తగ్గాయి. అది గ్యాస్ గుణం, ఎక్కడ వేయించినా అంతే, దానికి షాపువాణ్ని అనను. అయినా లాభమే.

తర్వాత వాసన మొదలైంది. ముందు పసిగట్టింది మా ఆవిడ. స్టవ్ కట్టేయడం మరిచిపోయి బయల్దేరామా అని దారిలో బండి ఆపించింది. అద్దాలు దించుకుని తిరిగాం కొన్నాళ్లు. ఎల్పీజీ గాలి కన్నా బరువు, పైకి లేవదు, కాళ్ల దగ్గరే పేరుకుంటుంది, అద్దం దించినంత మాత్రాన పోదు. ఈ ముక్క నాకు తట్టలేదు. నేను బడిలో చెప్పేది ఏం సబ్జెక్టో తెలుసా? సైన్సు. షాపుకి ఫోన్ చేస్తే "కొత్తల గట్లనే ఉంటది సార్, నాలుగు రోజులైతే పోతది" అన్నాడు. సరే అన్నాను. కొత్త చెప్పులు కరిచినట్టు అనుకున్నాను కాబోలు.

అసలు సంగతి బయటపెట్టింది గ్యాస్ బంకులో పనిచేసే కుర్రాడు. ఆ అబ్బాయికి దండం పెట్టాలి. గ్యాస్ పడుతూ పడుతూ మీటర్ వంక చూసి, తనే ఆపేసి, "సార్, ట్యాంక్ ఎంతది?" అన్నాడు. 35 లీటర్లు అన్నాను. "మరి 32 వట్టింది!"

ఈ ట్యాంకులు నిండా నింపేవి కావు. 80 శాతం నిండగానే లోపలి వాల్వ్ దానంతటదే మూసుకోవాలి. వేడికి గ్యాస్ వ్యాకోచిస్తే చోటుండాలి కదా, ఆ ఖాళీ అందుకు. 35 లీటర్ల ట్యాంక్ పూర్తిగా ఖాళీగా ఉన్నా 28 దగ్గర ఆగాలి. నాదాంట్లో కొంత గ్యాస్ మిగిలి ఉండగానే 32 ఎక్కింది. ఒంటిపూట బడులు మొదలైన ఎండలు ఇవి. బడి ముందు నీడ లేని చోట, పిల్లలు సైకిళ్లు పెట్టుకునే గోడ పక్కన, రోజూ ఆ బండి నిలబెడుతున్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ చేతులు వణుకుతున్నాయి.

ఆదివారం హైదరాబాద్ పోయి, కిట్ కంపెనీ అనుమతి ఉన్న ఫిట్టర్ ఒకాయనకు చూపించాను. పెట్రోల్ మీదే పోయాను లెండి. ఆయన డిక్కీ మ్యాట్ ఎత్తి, ట్యాంక్ మీది ప్లేట్‌ను బొటనవేలితో తుడిచి, చదువుకోండి అన్నట్టు పక్కకు జరిగాడు. తయారైంది 2011. నా కారు కన్నా రెండేళ్లు పెద్దది! ఐదేళ్లకోసారి ట్యాంక్‌ను మళ్లీ పరీక్ష చేయించి ముద్ర వేయించాలి, ఒక్క ముద్రా లేదు. ప్లేట్ మీది నంబరుకు, నాకిచ్చిన సర్టిఫికెట్ జిరాక్స్‌లోని నంబరుకు పొంతన లేదు. వాల్వ్ దగ్గర కారిన గ్యాస్‌ను బండి బయటికి పంపే గొట్టం అసలు బిగించనే లేదు. వాసన లోపలికి రాక ఎక్కడికి పోతుంది? "ఏదో పాత ట్యాక్సీలోంచి పీకి పెట్టిండ్రు" అని, ట్యాంక్ దగ్గర వాల్వ్ చేత్తో కట్టేసి పంపించాడు.

ఇక ఈరోజు. ఫొటోలన్నీ ఫోన్‌లో పెట్టుకుని బడి అయ్యాక షాపుకి పోయాను. గొడవపడాలనే పోయాను. ఓనర్ కుర్చీ వేయించాడు. టీ తెమ్మన్నాడు. ఫొటోలు ఒక్కొక్కటీ చూశాడు. కాదనలేదు! "అవును సార్, పాతదే" అన్నాడు. టీ గ్లాసు చేతిలో పట్టుకుని నేనే తెల్లబోయాను. డ్రాయర్‌లోంచి ఒక పుస్తకం తీసి, పేజీలు తిప్పి, ఒక స్లిప్పు నా ముందు పెట్టాడు. బండి తీసుకున్న రోజు నేను సంతకం చేసిన స్లిప్పు. అడుగున పెన్నుతో రాసి ఉంది: ట్యాంక్ పాతది, కస్టమర్ ఒప్పుకున్నాడు, వాపసు లేదు.

ఆ రోజు పొద్దున ప్రార్థన టైమ్ అయిపోతోందని బానెట్ మీద పెట్టి గీకేశాను సంతకం. అడుగున ఆ రాత అప్పుడే ఉందో, తర్వాత రాసుకున్నారో నాకు తెలియదు. నన్ను తినేస్తున్నది అదే. "ఇది అప్పుడు లేదు" అని గట్టిగా అరుద్దామంటే నోరు రాలేదు. చదివుంటే కదా!

అప్పుడన్నాడు మహానుభావుడు, షాపులో అందరూ వినేటట్టు: "పిల్లలకు సదువు చెప్పేటోళ్లు గదా సార్ మీరు, సదవకుంటనే సంతకం వెట్టిన్రా?"

బెంచీ మీద కూర్చున్న పెద్దమనిషి పకపకా నవ్వాడు. ఆయన వచ్చింది కూడా కిట్ పెట్టించుకోవడానికే. అన్నా, ఇది చదువుతుంటే ముందు స్లిప్పు చూసుకో.

ప్రశ్నపత్రం రెండుసార్లు చదవండిరా అని ఇరవై ఏళ్లుగా పిల్లల ప్రాణం తీస్తున్నవాణ్ని నేను. వాడి మాటకు నా దగ్గర జవాబు లేదు. 34,000 పోయినందుకు కాదు, ఆ మాటకు మండుతోంది నాకు.

ఆర్సీ సంగతి అడిగితే "దరఖాస్తు నడుస్తుంది సార్" అన్నాడు. ఏ దరఖాస్తు? నంబరు లేదు, రసీదు లేదు. ముందుగా అనుమతి లేకుండా బండిలో ఇలాంటి మార్పు చేస్తే 14 రోజుల్లో ఆర్టీఏకి ఓనరే చెప్పుకోవాలని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌లో ఉంది. ఓనర్ అంటే నేను, షాపువాడు కాదు. ఇన్సూరెన్స్‌లోనూ కిట్ విలువ మీద 4 శాతం, థర్డ్ పార్టీకి 60 రూపాయలు అదనంగా కట్టి రాయించుకోవాలట. నేను ఏదీ చేయలేదు. రెండు నెలలుగా నేను నడిపింది కాగితాల మీద వట్టి పెట్రోల్ కారు. దారిలో ఏమన్నా అయితే ఇన్సూరెన్స్ వాళ్లు నా ముఖం చూసేవాళ్లా?

చివరికి ఆయన చూపిన దారి ఏంటంటే, ఇంకో 12,000 ఇస్తే కొత్త ట్యాంక్ వేస్తాడట. లేచి వచ్చేశాను. టీ డబ్బులు అడగలేదు, అంతవరకు నయం.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. బిల్లు నంబరు ఉందా అని అడిగారు. ఫోన్‌లో కొట్టిన 14,000కే రుజువుంది, మిగతా 20,000 చేతికిచ్చినవి. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోతే 5 లక్షల లోపు వాటికి ఫీజు లేదు, అదొక్కటే ఊరట. వాళ్లూ ఆ స్లిప్పు మీది సంతకం చూస్తారుగా మరి.

వేయించుకోవద్దనను, కిట్ మంచిదైతే డబ్బు మిగిలే మాట నిజమే. డబ్బులిచ్చే ముందు ట్యాంక్ బిగించకుండా కింద పెట్టించి ప్లేట్ ఫొటో తీసుకోండి, ఆ నంబరు బిల్లులో రాయించుకోండి, ఆర్సీలో ఎల్పీజీ ఎక్కేదాకా సగం డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి. బంకులో 80 శాతం దాటి పడితే అక్కడే ఆపేయండి. ఇంకేమన్నా ఉంటే తెలిసినవాళ్లు చెప్పండి, నాకు తెలిసింది ఇంతే, అదీ ఆలస్యంగా.

ఇది రాస్తుండగానే మా బామ్మర్ది ఫోన్. "బావా, నేను మాట్లాడిన. 12 కాదు, 10కి ఒప్పుకున్నడు" అంటున్నాడు.